ఇప్పటి గ్రిడ్‌కు బొగ్గు విద్యుత్ కేంద్రం ఎంతవరకు పనికొస్తుంది? – ఒక సమీక్ష

సౌర, పవన విద్యుత్తు వాటా పెరుగుతున్న గ్రిడ్‌కు బొగ్గు ఆధారిత థర్మల్ కేంద్రం అందించే సేవను, అది ఏడాదికి ఎంత విద్యుత్తు ఉత్పత్తి చేసిందన్న పాత లెక్కతో తూచడం సరికాదు. రాత్రింబవళ్లు దాదాపు ఒకే లోడ్ మీద నడిచేలా రూపొందిన ఈ కేంద్రం ఇప్పుడు ఎండ కాస్తున్నంతసేపు ఉత్పత్తి తగ్గించుకోవాలి, పొద్దు వాలుతుండగా పెంచాలి, గాలి స్తంభించిన రోజుల్లో పూర్తి సామర్థ్యంతో నిలబడాలి. ఈ కొత్త పనిలో దాని తీరు ఎలా ఉందన్నదే ఇక్కడి పరిశీలన.

ముందుగా మెచ్చుకోదగినవి. 50 హెర్ట్జ్ గ్రిడ్‌లో (అంటే విద్యుత్తు ఫ్రీక్వెన్సీ సెకనుకు 50 ఆవర్తనాలు) సాధారణంగా నిమిషానికి 3,000 సార్లు తిరిగే టర్బైన్, జనరేటర్ రోటార్లలో గతిశక్తి నిల్వ ఉంటుంది. ఎక్కడైనా ఒక పెద్ద యూనిట్ (బాయిలర్, టర్బైన్, జనరేటర్ల సముదాయం) ట్రిప్ అయితే, అంటే ఉన్నట్టుండి ఆగిపోతే, ఏ ఆదేశమూ అందకముందే ఆ శక్తి గ్రిడ్‌లోకి ప్రవహించి ఫ్రీక్వెన్సీ పతనాన్ని నెమ్మదింపజేస్తుంది. షార్ట్ సర్క్యూట్ లాంటి ఫాల్ట్‌ను రిలేలు (లైన్లను కాపాడే రక్షణ పరికరాలు) గుర్తించడానికి చాలినంత కరెంటునూ, వోల్టేజీని నిలబెట్టే రియాక్టివ్ పవర్‌నూ ఇదే యంత్రం ఇస్తుంది. మామూలు ఇన్వర్టర్ల (డీసీని ఏసీగా మార్చే ఎలక్ట్రానిక్ పరికరాల) ద్వారా గ్రిడ్‌కు కలిసిన సౌర కేంద్రాల నుంచి ఇవన్నీ ఇదే స్థాయిలో రావు. యార్డులో వారాలకు సరిపడా బొగ్గు నిల్వ ఉంచుకోగలగడం మరో సౌలభ్యం. ఎండా గాలీ వరుసగా కొన్ని రోజులు మొహం చాటేస్తే పూర్తి సామర్థ్యంతో నాలుగు గంటలే విద్యుత్తు ఇవ్వగల బ్యాటరీ చేయగలిగింది తక్కువ.

రోజువారీ సర్దుబాటులో మాత్రం ఈ సేవ నిరాశపరుస్తుంది. సాధారణంగా ఒక యూనిట్ తన లోడ్‌ను నిమిషానికి ఒకటి నుంచి మూడు శాతం మేరకే మార్చగలదు. పూర్తిగా చల్లారిన బాయిలర్‌ను వెలిగించి గ్రిడ్‌కు కలపడానికి చాలా గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం ఆపి సాయంత్రం తిరిగి మొదలుపెట్టే బదులు కనిష్ఠ లోడ్ మీద నడుపుతూ ఉంచుతారు, మార్పులు చేయని పాత యూనిట్లలో ఆ కనిష్ఠం సగం సామర్థ్యానికి అటూ ఇటూగా ఉంటుంది, అంటే అవసరం లేని వేళ కూడా బొగ్గు కాలుతూ సౌర విద్యుత్తుకు చోటు లేకుండా చేస్తుంది. ఆ కనిష్ఠాన్ని ఇంకా దించడం సాధ్యమే. కానీ లోడ్ తగ్గిన కొద్దీ దక్షత (బొగ్గులోని శక్తిలో విద్యుత్తుగా మారే వాటా) పడిపోతుంది, మాటిమాటికి వేడెక్కి చల్లారడం వల్ల బాయిలర్‌లోని మందపాటి హెడర్లలో (ఆవిరి గొట్టాలను కలిపే పెద్ద పైపుల్లో), టర్బైన్ కేసింగుల్లో లోహం బలహీనపడి పగుళ్లిస్తుంది. ఈ అరుగుదల కొన్నేళ్లకు గాని బయటపడదు కాబట్టి, సరళంగా నడుస్తున్నామని చెప్పుకునే కేంద్రాల లెక్కల్లో అది పూర్తిగా కనిపించడం అరుదు.

కాలుష్యం సంగతి తెలిసిందే: కిలోవాట్ గంటకు సుమారు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్, ఆపైన బూడిద. చాలా ఎక్కువ వేడి, పీడనం గల ఆవిరితో నడిచే అల్ట్రా సూపర్‌క్రిటికల్ కేంద్రం దక్షతను 45 శాతం దాకా పెంచినా, ఏడాదిలో కొద్ది గంటలే నడిచే పనికి అంత పెట్టుబడి పెట్టడం అవివేకం. ఉదాహరణకు, జర్మనీలోని హాంబర్గ్‌లో 2015లో మొదలైన మోర్‌బర్గ్ కేంద్రం 2021లోనే మూతపడింది.

బ్రిటన్‌లోని రాట్‌క్లిఫ్ నాకు ఎక్కువ నచ్చిన ఉదాహరణ. 1960ల నాటి ఆ 2,000 మెగావాట్ల కేంద్రం చివరి దశలో ఎక్కువగా చలికాలపు కొరతకు ఆసరాగా పనిచేసి, 2024 సెప్టెంబర్ 30న ఆగిపోయింది. 2012లో దాదాపు 40 శాతం విద్యుత్తును బొగ్గు నుంచే పొందిన దేశంలో అదే ఆఖరి బొగ్గు కేంద్రం. ఇక దక్షిణ ఆస్ట్రేలియా 2016లో తన చివరి బొగ్గు కేంద్రాన్ని మూసేశాక, ఆ కేంద్రాలు ఇచ్చే స్థిరత్వాన్ని విడిగా సమకూర్చుకుంది: 2017లో హార్న్స్‌డేల్ బ్యాటరీ, 2021లో నాలుగు సింక్రనస్ కండెన్సర్లు (ఇంధనం కాల్చకుండా గ్రిడ్‌తో పాటు తిరుగుతూ స్థిరత్వాన్నిచ్చే యంత్రాలు).

కొత్తగా కట్టేవారికి ఈ సేవను సిఫారసు చేయలేను. ఐదింట ఒక్క మార్కు. ఇప్పటికే ఉన్న, పెట్టుబడి తీరిపోయిన కేంద్రాన్ని రిజర్వుగా ఉంచుకుంటే మూడు ఇస్తాను, ఒక షరతు మీద: చెల్లింపు అమ్మిన విద్యుత్తును బట్టి ఉండకూడదు. అలా ఉంటే యాజమాన్యం వీలైనన్ని గంటలు నడపాలనే చూస్తుంది. పిలిచిన రోజున సిద్ధంగా ఉన్నందుకు చెల్లించాలి, పిలిచినప్పుడు రాకపోతే జరిమానా కూడా ఒప్పందంలోనే రాసుకోవాలి.