హన్మకొండలో పీబెర్రీ దొరికింది!
చౌరస్తా దగ్గరి చిన్న కాఫీ పొడి దుకాణంలో అరకు పీబెర్రీ ఉందంటే పావు కిలో తెచ్చాను. మామూలుగా కాఫీ పండులో రెండు గింజలు ఒకదానికొకటి ఆనుకుని పెరుగుతాయి కాబట్టి ఒకవైపు చదునుగా ఉంటాయి, కానీ వందలో ఏ ఐదారు పండ్లలోనో ఒక్క గింజే పడి బఠాణీలా గుండ్రంగా తయారవుతుంది, అదే పీబెర్రీ. వేరే మొక్కేం కాదు, ఏరి విడదీయాలి, అందుకే రేటు ఎక్కువ. గుండ్రంగా ఉంటే పెనంలో దొర్లుతూ సమంగా వేగుతుందంటారు. డికాక్షన్‌లో చేదు తక్కువ, చివర్లో సన్నటి పులుపు, నాకైతే తెగ నచ్చింది.

ఒక్కటే కోపం, వద్దని చెప్పినా మొదటిసారి చికోరీ (కాఫీ పొడిలో కలిపే ఒక వేరు పొడి) కలిపేశారు. ఇంత డబ్బు పెట్టి చికోరీ తాగాలా? ఈసారి గింజలే తెచ్చి ఇంట్లో మిక్సీలో బరకగా పట్టాను, ఆ వాసనకు పక్కింటి అత్తమ్మ గ్లాసు పట్టుకుని మరీ వచ్చింది.