వెదర్ స్టేషన్ కొంటున్నారా? వాన దాకా ఆగొద్దు, ముందు నీళ్లు పోసి చూడండి

ఇంటి డాబా మీద పెట్టుకుని వాన, గాలి, ఎండ కొలుచుకునే వెదర్ స్టేషన్ ఒకటి ఈ మార్చిలో ఆన్‌లైన్‌లో కొన్నాను. పదకొండున్నర వేలు. అది వానను తక్కువ చూపిస్తుంది, గాలిని వానగా లెక్కేస్తుంది. అంతకన్నా దారుణం, ఫోన్ యాప్‌లో కనిపించే అంకెలు అసలు నా డాబా మీదివే కావు. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. అదే డబ్బాను నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు, ఒక పేరు రాస్తే మిగతావి మంచివే కాబోలు అనుకుంటారు.

మాది జగిత్యాల జిల్లా. చిన్నప్పుడు మండలాఫీసు ఆవరణలో కంచె మధ్య వర్షమాపకం ఉండేది. పొద్దున ఎనిమిదిన్నరకు అటెండర్ వచ్చి, అందులోని నీళ్లు గాజు గొట్టంలోకి వంచి, కళ్లకు ఎదురుగా పట్టుకుని చూసి రిజిస్టరులో రాసేవాడు. ఆ పిచ్చి నాకు అక్కడే అంటుకుంది. పన్నెండేళ్లుగా నేనూ ఎనిమిదిన్నరకే రాసుకుంటున్నాను. నా సామానంతా నిలువు గోడల స్టీలు డబ్బా ఒకటి, స్కేలు ఒకటి.

వానాకాలానికి ఆ డబ్బా చాలు. ఎండాకాలం వానలకే చాలదు. మధ్యాహ్నం దాకా నిప్పులు కురుస్తాయి, నాలుగింటికి పడమర నల్లబడుతుంది, చూస్తుండగానే మబ్బు గోపురంలా లేచి ఈదురుగాలి, ఉరుములు, ఒక్కోసారి రాళ్లవాన. ఊరికి ఈ చివర కుండపోత, ఆ చివర దుమ్ము. ఎంత పడిందో డబ్బా చెబుతుంది కానీ ఎన్ని నిమిషాల్లో పడింది, గాలి ఏ వేగంతో వచ్చింది అనేది చెప్పదు. అందుకే యంత్రం కొన్నాను. మా బావకు కూడా దాని లాగిన్ ఇచ్చాను, వాళ్ల కల్లం మా ఇంటికి కిలోమీటరు లోపే.

ఇక్కడే అసలు బోల్తా. మార్చి మొదట్లో వచ్చింది, రిటర్న్ గడువు ఏడు రోజులు. ఆ వారంలో చుక్క వాన లేదు. టెంపరేచర్ చూపిస్తోంది, తేమ చూపిస్తోంది, గాలిమర తిరుగుతోంది, ఇంకేం కావాలి అనుకుని ఐదు నక్షత్రాలు కూడా ఇచ్చేశాను. ఆ సైటులో ఉన్న మంచి రివ్యూలన్నీ ఇప్పుడు మళ్లీ చదివితే, ఒక్కరూ వానలో చూసి రాసింది కాదు. "ప్యాకింగ్ బాగుంది, డిస్‌ప్లే కలర్‌ఫుల్‌గా ఉంది" అంతే.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక సాయంత్రం ముందు దుమ్ము లేచింది. కిటికీలు వేస్తూ డిస్‌ప్లే వైపు చూస్తే వాన 0.9 మిల్లీమీటర్లు. బయట ఒక్క చినుకు లేదు. గాలికి స్తంభం ఊగుతుంటే లోపల వాన నీళ్లను కొలిచే దొప్పలు కూడా ఊగి, నీళ్లు లేకుండానే లెక్క వేసుకుంటోంది. ఎండాకాలం వానకు ముందు గాలి రాకుండా ఉంటుందా? తర్వాత నలభై నిమిషాలు దంచింది. తగ్గాక నా స్టీలు డబ్బాలో 22 మిల్లీమీటర్లు. డిస్‌ప్లేలో ఆ దొంగ 0.9తో కలిపి 13.5. యాప్‌లో 6.2.

ఆ 6.2 దగ్గరే నాకు అనుమానం వచ్చింది. ఈ యంత్రం వానను 0.3 చొప్పున లెక్కపెడుతుంది. దాని లెక్క 6.0 కావచ్చు, 6.3 కావచ్చు. 6.2 ఎలా వస్తుంది? మర్నాడు డాబా ఎక్కి సెన్సర్ బ్యాటరీలు తీసేశాను, పక్కనున్న చిన్న సోలార్ పలకకు నల్ల గుడ్డ చుట్టాను. ఇంట్లో డిస్‌ప్లేలో అంకెల బదులు గీతలు వచ్చాయి. యాప్‌లో మాత్రం గాలి, ఎండ, తేమ అన్నీ హాయిగా మారుతూనే ఉన్నాయి! రెండు రోజులు అలాగే ఉంచాను. రెండో రోజు సాయంత్రం యాప్‌లో 1.4 మిల్లీమీటర్ల వాన కూడా కురిసింది, మా డాబా మీద తప్ప. అది ఇంటర్నెట్ నుంచి ఎవరిదో ఫోర్‌కాస్ట్ తెచ్చి, "మీ స్టేషన్" అనే పేరు కిందే చూపిస్తోంది. చెప్పకుండా. ఫోర్‌కాస్ట్ కావాలంటే ఫోన్‌లో ఉచితంగా ఉంది కదా, దానికి పదకొండున్నర వేలు ఎందుకు?

పెట్టె తిరగేసి చూస్తే ఇంకోటి బయటపడింది. సెన్సర్ నుంచి డిస్‌ప్లేకు అంకెలు పంపే రేడియో ఫ్రీక్వెన్సీ 915 మెగాహెర్ట్జ్ అని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. అది అమెరికాకు తయారుచేసిన సరుకు. మన దేశంలో ఇలాంటి చిన్న పరికరాలకు లైసెన్స్ లేకుండా వాడుకోమని ఇచ్చింది 865 నుంచి మొదలయ్యే బ్యాండు. అంటే అమ్మినవాడు ఎక్కడి మిగులు సరుకో తెచ్చి ఇక్కడ వదిలించుకున్నాడు. పెట్టె మీద దిగుమతి చేసినవాళ్ల పేరూ అడ్రసూ కూడా లేవు, ఉండి తీరాలని రూలు ఉన్నా.

నష్టం నాకైతే డబ్బుతో పోయింది. బావకు పసుపుతో పోయింది. ఉడకబెట్టిన పసుపు కల్లంలో ఆరబోసి, మబ్బు పడితే యాప్ చూసుకునేవాడు. 22 మిల్లీమీటర్లు పడిన ఆ సాయంత్రం యాప్‌లో గాలి గంటకు 11 కిలోమీటర్లు అని ఉందట. మా వీధిలో రేకులు లేచిపోయిన గాలి అది. టార్పాలిన్ కప్పేలోపే రెండు కుప్పలు తడిశాయి. తడిసిన కొమ్ముకు రంగు పోతుంది, మార్కెట్‌లో దాన్ని చేత్తో కూడా ముట్టరు. బావ ఒక్క మాట అనలేదు. మా అక్క మాత్రం "నీ మిషన్ కన్నా మా చీమలు నయంరా, వానకు ముందే గుడ్లు మోసుకుపోయాయి" అంది.

ఇక వాన లెక్క ఎందుకు తగ్గుతోందో చూద్దామని మూత తీశాను. గరాటు కింద చిన్న తక్కెడ లాంటిది ఉంటుంది, రెండు ప్లాస్టిక్ దొప్పలు, మధ్యలో ఇరుసు. ఒక దొప్ప నిండగానే బరువుకు వంగి పారబోస్తుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది. వంగిన ప్రతిసారీ "టక్" మని ఒక అయస్కాంతం స్విచ్ ముందు నుంచి పోయి ఒక లెక్క పడుతుంది. నా గరాటు వ్యాసం 11 సెంటీమీటర్లు, వైశాల్యం 95 చదరపు సెంటీమీటర్లు. కాబట్టి 0.3 మిల్లీమీటర్ల వానకు 2.85 మిల్లీలీటర్ల నీళ్లు పడాలి. మందుల షాపులో 5 మిల్లీలీటర్ల సిరంజి తెచ్చి చుక్క చుక్కగా వదిలాను. ఎడమ దొప్ప 2.8 దగ్గర వంగింది. కుడిది 4 దాకా కదల్లేదు. భూతద్దం పెట్టి చూస్తే అచ్చు పోసినప్పుడు మిగిలిన ప్లాస్టిక్ పొర దాని అంచుకు అలాగే వేలాడుతోంది, ఇరుసు కూడా అటే ఒరిగి ఉంది. మంచి వాటిలో దొప్పల కింద సర్దుకునే మరలు ఉంటాయి. దీనికి లేవు.

95 మిల్లీలీటర్లు నిదానంగా పోస్తే 10 మిల్లీమీటర్లు చూపించాలి. 8.4 చూపించింది. అవే నీళ్లు గబగబా పోస్తే ఇంకా తగ్గింది, ఎందుకంటే దొప్ప వంగే ఆ క్షణంలో పడే నీళ్లు లెక్కలోకి రావు. జోరు వానలో ఈ రకం మాపకాలన్నిటికీ కొంత ఈ జబ్బు ఉంటుంది, అది ఒప్పుకోవాలి. కానీ నిదానంగా పోసినా పదహారు శాతం తేడానా? వాతావరణ శాఖ లెక్కలో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం. నా ఇంటి మీద 70 పడితే ఈ యంత్రం 59 అని, భారీ వర్షాన్ని మోస్తరు వర్షం చేసి కూర్చుంటుంది.

టెంపరేచర్ సంగతి సరేసరి. సెన్సర్‌కు ఆనుకుని నల్లటి సోలార్ పలక పెట్టారు, మే నెలలో ఒక మధ్యాహ్నం 51 డిగ్రీలు చూపించింది.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే మొదట అప్‌డేట్ చేయమన్నారు. తర్వాత రిటర్న్ గడువు అయిపోయిందన్నారు. వీడియోలు పంపితే ఒకాయన "మీ ఏరియాలో వాతావరణం అలా ఉంటుంది సార్" అన్నాడు. సిరంజిలో కూడానా అని అడిగితే లైన్ కట్. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. ఆన్‌లైన్ అమ్మకాల రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. అందిందని చెప్పారు. వెయ్యి రూపాయల కూపన్ ఇస్తామన్నారు, వద్దన్నాను. ఇంకా నడుస్తోంది.

కొనాలనుకునేవాళ్లు పెట్టె మీద ఫ్రీక్వెన్సీ, దిగుమతిదారు అడ్రసు చూడకుండా డబ్బు కట్టకండి. ఇంటికి వచ్చిన రోజే, ఇంకా స్తంభానికి బిగించకముందే నీళ్లు పోసి చూడండి. గరాటు వ్యాసాన్ని సెంటీమీటర్లలో కొలిచి, అందులో సగాన్ని ఆ సగంతోనే గుణించి, మళ్లీ 3.14తో గుణిస్తే ఎంత వస్తుందో అన్ని మిల్లీలీటర్లు 10 మిల్లీమీటర్ల వానకు సమానం. దాన్ని కనీసం పావుగంట పట్టేలా పోయండి. బ్యాటరీ తీసి యాప్ ఏమంటుందో కూడా చూడండి. అన్నీ వీడియో తీసుకోండి.

ఇంకో మాట, యంత్రం తప్పు చూపిస్తోందని నేను ఒకసారి ఉరుముల్లోనే డాబా ఎక్కాను, ఇనుప స్తంభం పట్టుకుని. తెలివితక్కువ పని. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లోనే 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఉరుము వినిపిస్తే కిందే ఉండండి. దామిని యాప్ దగ్గర్లో పిడుగులు ఎక్కడున్నాయో చూపిస్తుంది, అది ఉచితం.

స్టీలు డబ్బా మళ్లీ డాబా మీదికి చేరింది. నిన్నటి వాన 9 మిల్లీమీటర్లు. ఆ యంత్రం పెట్టెలోనే ఉంది, బిల్లుతో సహా. ఇలాంటిదే కొని ఇంకా ఏడు రోజులు దాటనివాళ్లు ఉంటే, ఈ రాత్రే సిరంజి తెచ్చుకోండి.