కుంకుమపువ్వు రంగు మాత్రలు: మా పాపకి ఆరు నెలలు వాడాక

మేం టోక్యోలో, నిషి కసాయ్‌లో ఉంటాం. పాపకి ఎనిమిదేళ్లు. సైట్ మైనస్ 1.75 అనగానే నాకు నిద్ర పట్టలేదు. నాకూ మా ఆయనకీ చిన్నప్పటినుంచీ అద్దాలే. సైట్ పెరగడం నెమ్మదిస్తుందని పార్కులో కలిసే ఒక అక్క చెబితే పిల్లల క్రోసెటిన్ మాత్రలు తెప్పించాను.

కుంకుమపువ్వులోని పసుపు నుంచి వచ్చే పదార్థం ఇది. ఇక్కడ ముల్లంగి ఊరగాయకి రంగు కోసం వేసే గార్డెనియా కాయల నుంచి కూడా తీస్తారు. వాపుని తగ్గించే గుణం ఉందంటారు. మాత్ర చిన్నది, మెత్తటిది, వాసన లేదు. ఒకరోజు పాప మింగకుండా కొరికేసింది. నాలుకంతా పసుపు రాసినట్టయింది, తువాలుకి అంటిన మరక ఇప్పటికీ పోలేదు. అదొక్కటే ఇబ్బంది. కడుపునొప్పి లాంటివేం రాలేదు.

ఇక పనిచేసిందా? కెయో యూనివర్సిటీ వాళ్లు 6 నుంచి 12 ఏళ్ల పిల్లలు 69 మందితో 24 వారాలు చేసిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. రోజుకి 7.5 మిల్లీగ్రాములు. సైట్ పెరిగేకొద్దీ కనుగుడ్డు ముందునుంచి వెనక్కి సాగుతుంది, ఆ కంటి పొడవునే కొలుస్తారు. మాత్ర వేసుకున్న పిల్లలకి అది సగటున 0.18 మిల్లీమీటర్లు పెరిగితే, వేసుకోనివాళ్లకి 0.21. పవర్‌లో తేడా 0.08. అద్దాల పవర్ మారేదే పావు చొప్పున. ఈ లెక్క కొనకముందే వేసుకోవాల్సింది, నేను డబ్బా మీద రాసింది చూసి చాలా ఆశ పెట్టుకున్నాను.

మా పాపకి కంటి పొడవు 24.02 నుంచి 24.21కి వచ్చింది, పవర్ మైనస్ 2.00 అయింది. మాత్ర లేకపోతే ఇంకా పెరిగేదా? ఒక్క పిల్లని చూసి చెప్పలేం.

మంచి సరుకే, మోసం లేదు. అయిదుకి మూడు ఇస్తాను. కానీ మళ్లీ తెప్పించను. డాక్టరు ఇప్పుడు సైట్ పెరగడం నెమ్మదించడానికి 0.025 శాతం అట్రోపిన్ చుక్కలు రాశారు, రాత్రి పడుకునేముందు కంటికొక చుక్క. జపాన్‌లో 2024 డిసెంబరులో అనుమతి వచ్చింది. మన ఉమ్మెత్తలో ఉండేదీ ఇదే పదార్థం, అలాగని ఆ ఆకు రసం కంటి దగ్గరికి కూడా తేకండి, విషం. సాయంత్రం హోంవర్క్ పక్కనపెట్టి పాపని పార్కుకి తీసుకెళ్తున్నాను.

ఈ మాత్రలు కొనేవాళ్లు ముందు కంటి పొడవు కొలిపించి ఆ కాగితం దాచుకోండి. మొదటి కాగితం లేకపోతే ఆరు నెలల తర్వాత పోల్చుకోడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.