పాత హెర్క్యులిస్ ఫ్రేముకు ఇంట్లోనే రంగు: వాడిన సరుకుల సమీక్ష

సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్ళో పాత సైకిలుకు రంగు వేయడమంటే మొదట తుప్పును ఆపడం, ఆ తరువాతే అందం సంగతి. కాకినాడలో మా ఇంటి వరండాలో ఒక పాత హెర్క్యులిస్ రోడ్‌స్టర్ ఫ్రేమును గీకి, తుప్పు వదిలించి, కొత్తగా రంగు వేశాను. అందుకోసం హార్డువేరు షాపులో కొన్న పెయింట్ రిమూవరు, ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన తుప్పు ద్రవం, జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు, సింథటిక్ ఎనామెలు, లిన్సీడ్ ఆయిలు (అవిసె నూనె) ఎలా పనిచేశాయో ఇక్కడ వివరిస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: డబ్బు ప్రైమరు మీద పెట్టండి, శ్రద్ధ తుప్పు ద్రవం మీద పెట్టండి, పైరంగు ఏ మంచి కంపెనీదైనా సరిపోతుంది.

ఇంత శ్రమకు ఆ ఫ్రేము తగినదేనా అని అడిగేవారుంటారు. మురుగప్ప వ్యాపార కుటుంబం వారు ఇంగ్లండుకు చెందిన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి 1949లో మద్రాసులో ప్రారంభించిన టీఐ సైకిల్స్ కంపెనీ ఈ హెర్క్యులిస్‌లను తయారుచేసింది. ఉక్కు గొట్టాలను లగ్గులలో (గొట్టాలు కలిసే చోట ఉండే ఉక్కు తొడుగులలో) దూర్చి, ఇత్తడి కరిగించి అతికించిన ఫ్రేములివి. గొట్టాల గోడలు మందంగా ఉంటాయి కనుక, పైపైన తుప్పు పట్టినా లోపల బలం చాలావరకు మిగిలే ఉంటుంది. అయితే పని మొదలుపెట్టే ముందు బీబీ గూడు (పెడళ్ళ ఇరుసు తిరిగే గుండ్రని భాగం) అడుగుభాగాన్ని, వెనుక చక్రం బిగించే చోటును స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడాలి. మొన లోపలికి దిగితే ఆ ఫ్రేముకు రంగు అనవసరం.

పెయింట్ రిమూవరుకు నేను సగం మార్కులే ఇస్తాను. చదునైన గొట్టాల మీద పూసి కాసేపు ఆగితే రంగు బొబ్బలెక్కి, పెచ్చులుగా లేచి వచ్చింది. కానీ లగ్గుల అంచుల్లో, మడ్‌గార్డు బిగించే చిన్న చెవుల వెనుక రెండోసారి పూసినా పూర్తిగా వదలలేదు. అక్కడ వైరు బ్రష్షు, పాత టూత్ బ్రష్షు తప్పలేదు. ఫ్యాక్టరీలో కొలిమి వేడిలో కాల్చిన ఎనామెలు కనుక అది మొండిగానే ఉంటుంది. ఒక లగ్గు అంచున రంగు పూర్తిగా పోయాక వెంట్రుకంత సన్నని పసుపుపచ్చని ఇత్తడి గీత కనిపించింది. ఆ గీత ఎక్కడా తెగకుండా ఉంటే అతుకు బాగున్నట్టే లెక్క. చేతికి రబ్బరు తొడుగులు, గాలి ఆడే చోటు తప్పనిసరి. మిగిలిన రంగును మాత్రం పొడిగా రుద్దకండి. మన దేశంలో ఇళ్ళకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాలకు 90) మించకూడదన్న నియమమే 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. అంతకు ముందు కాలపు రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కనుక, నీళ్ళు తడుపుతూ ఎమరీ పేపరుతో రుద్ది, ఆ బురదను గుడ్డతో తీసి పారేయడమే క్షేమం.

తుప్పు ద్రవమే ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన సరుకు. ఫాస్ఫారిక్ ఆమ్లం తుప్పుతో కలిసి ఐరన్ ఫాస్ఫేటుగా మారి, ఉక్కు మీద బూడిదరంగు నుంచి నలుపు దాకా ఒక పలుచని పొరను మిగులుస్తుంది. ప్రైమరు ఆ పొరను బాగా పట్టుకుంటుంది. చెంచాలతో కుమ్మరించకుండా బ్రష్షుతో పలుచగా పూయాలి. ఎక్కువైన ద్రవం అలాగే ఎండితే తెల్లని పొడిగా పేరుకుని, దాని మీద వేసిన రంగు తరువాత ఊడిపోతుంది. కొన్ని కంపెనీలవి కడగాలి, కొన్నింటిని కడగకూడదు కనుక డబ్బా మీది సూచనలు చదివే వాడాలి. చౌకగా వస్తుందని చాలామంది బాత్రూము కడిగే యాసిడ్ వాడతారు. అది తుప్పును తొందరగానే తింటుంది, కానీ దానిలోని క్లోరైడు లగ్గుల సందుల్లో, గుంటల్లో మిగిలిపోయి, కొత్త రంగు కిందనే మళ్ళీ తుప్పు పుట్టిస్తుంది. పైగా ఆ ఆవిరికి పక్కనున్న పానాలు, స్క్రూడ్రైవర్లు కూడా తుప్పు పడతాయి. దయచేసి ఆ దారి పట్టకండి.

శుభ్రమైన ఉక్కు మన తీరప్రాంతపు తేమలో రాత్రి గడిస్తే చాలు, ఎర్రబారుతుంది. కాబట్టి తుప్పు తీసిన రోజే, థిన్నరు గుడ్డతో తుడిచి, ప్రైమరు వేసేయాలి. షాపువారు ఎక్కువగా చేతికి ఇచ్చేది ఎర్రటి రెడాక్సైడు. అది చెడ్డది కాదు, కానీ అందులోని ఐరన్ ఆక్సైడు ప్రధానంగా అడ్డుగోడగా పనిచేస్తుందే తప్ప తుప్పును పెద్దగా నిరోధించదు. అంతేకాక దాని రంగు తుప్పు రంగే కావడం వల్ల కింద నుంచి మొదలయ్యే మచ్చ కంటికి దొరకదు. బూడిదరంగు జింక్ ఫాస్ఫేటు ప్రైమరులో ఆ మచ్చ వెంటనే పట్టుబడుతుంది, తుప్పును నిరోధించే గుణమూ దానికి ఉంది. పసుపుపచ్చని జింక్ క్రోమేటు కూడా బాగా ఆపుతుంది గాని, అందులోని క్రోమియం క్యాన్సరు కారకం. ఇంట్లో పిల్లల మధ్య రుద్దే పనికి దాన్ని నేను సిఫారసు చేయను. ఒక మందపాటి పొర కంటే రెండు పలుచని పొరలు మేలు. బీబీ కప్పుల మరలకు, హ్యాండిలు తిరిగే చోట ఉండే హెడ్ కప్పులు కూర్చునే చోటికి ముందే టేపు అంటించుకోవాలి.

బయట ఎంత చేసినా, సైకిల్ ఫ్రేము నిజానికి చచ్చేది లోపలి నుంచి. సీటు గొట్టం వెంట దిగిన వాన నీరు బీబీ గూడులో చేరి నిలుస్తుంది. ప్రైమరు ఆరాక మరగబెట్టిన లిన్సీడ్ ఆయిలును గొట్టాల లోపలికి పోసి, ఫ్రేమును అటూ ఇటూ తిప్పి, అదనపు నూనెను ఒంపేశాను. అది మెల్లగా గట్టిపడి లోపల పొరగా నిలుస్తుంది. ఈ జాబితాలో అతి తక్కువ ఖర్చుకు అతి ఎక్కువ మేలు చేసే సరుకు ఇదే. ఒక హెచ్చరిక తప్పనిసరి: ఈ నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి పడేస్తే తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. నీళ్ళలో ముంచి గాని, విడివిడిగా పరిచి ఆరబెట్టి గాని పారేయాలి.

ఎనామెలు గురించి చెప్పవలసింది తక్కువ. స్ప్రే డబ్బాతో నునుపు వస్తుంది, గొట్టాల సన్నదనం వల్ల సగం రంగు గాలిపాలవుతుంది. మెత్తని బ్రష్షుతో టర్పెంటాయిలు కలిపి వేస్తే పొర మందంగా నిలుస్తుంది. మొదటి పొరగా సింథటిక్ ఎనామెలు వేశాక దాని మీద ఎన్‌సీ థిన్నరు (నైట్రోసెల్యులోజ్ రంగులకు వాడే ఘాటైన ద్రావకం) కలిసే రంగు వేయకండి, కింది పొర ముడతలు పడుతుంది. చేతికి ఆరినట్టు తెలిసినా లోపల గట్టిపడడానికి వారాలు పడుతుంది కనుక, సీటు క్లాంపు, బ్రేకు రాడ్ల క్లిప్పులు అప్పటిదాకా బిగించకూడదు. బిగించేటప్పుడు సీటు పోస్టుకు గ్రీజు పూయడం మరువకండి.