పాత మిచెల్ 300 రీల్: ముందు స్పూల్ చూడండి

ఫ్రాన్స్‌లోని క్లూజ్ ఊళ్లో తయారైన ఈ గాలం రీల్‌ని సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. రెండు స్పూళ్లు (లైన్, అంటే గాలం దారం, చుట్టుకునే చక్రాలు) వచ్చాయి. నాకు బాగా నచ్చింది బటన్ స్పూలే. మధ్యలో నొక్కితే చాలు, ఊడి చేతికొస్తుంది. డ్రాగ్ (చేప లాగినప్పుడు లైన్ ఎంత బిగువుగా వదలాలో చూసే ఏర్పాటు) నాబ్, వాషర్లు స్పూల్‌లోనే ఉంటాయి కాబట్టి మనం పెట్టిన బిగువు దానితోపాటే ఉంటుంది. ఒకదానికి సన్న లైన్, ఇంకోదానికి మందం లైన్ చుట్టి, ఒడ్డునే మార్చేసుకుంటున్నాను. ఎంత హాయో!

మిచెల్ 400 మోడల్ స్పూల్ దీనికి సరిపోతుంది. 308 మోడల్‌ది చిన్నది, పట్టదు. అమ్మేవాళ్లు ఫొటోల్లో పైభాగమే చూపిస్తారు. స్పూల్ అంచు ఫొటో తప్పకుండా అడగండి. అక్కడ చిన్న గాటున్నా లైన్ ఒరుసుకుని తెగుతుంది. పెయింట్ పోయినా పర్లేదు, అంచు మాత్రం నున్నగా ఉండాలి. నా రెండూ అలాగే ఉన్నాయి, పెట్టిన డబ్బుకి పూర్తి తృప్తి.