మారణకాండల చరిత్రతో ఇంగ్లిష్ పదాలు: ఈ ఆడియో కోర్సు కొనొచ్చా?

వార్తల అనువాదం నా పని. ఏజెన్సీ కాపీ ఇంగ్లిష్‌లో వస్తుంది, చూస్తుండగానే తెలుగులో వెళ్లిపోవాలి. డిక్షనరీ చూసే తీరిక ఉండదు కాబట్టి పదాలు ముందే నోటికి వచ్చి ఉండాలి. అందుకే ఇలాంటి కోర్సు ఏది కనిపించినా కొనేస్తుంటాను. చాలావాటిని సగంలో వదిలేశాను. దీన్ని మాత్రం చివరిదాకా విన్నాను. మొత్తం మీద బాగుంది. కానీ ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని కాస్త వివరంగానే చెప్పాలి.

పద్ధతి ఇదీ. ఒక్కో పాఠం చరిత్రలో జరిగిన ఒక జాతి హింస ఘట్టం. దాన్ని కథలా చెబుతూ పది పన్నెండు పదాలు పరిచయం చేస్తారు, చివర క్విజ్ పెడతారు. చెప్పే ఆవిడ గొంతు నిదానంగా, ఏ నాటకీయతా లేకుండా ఉంటుంది. ఈ సబ్జెక్టుకు అలాంటి గొంతే కావాలి. ఉచ్చారణ మీద శ్రద్ధ ఎక్కువ. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష విధానం పేరైన 'అపార్థైడ్' చివర 'హైట్' అనీ 'హేట్' అనీ రెండు రకాలుగా పలుకుతారని చెప్పి రెండూ వినిపించింది.

మొదటి పాఠం వెనిస్. 1516లో అక్కడి పాలకులు నగరంలోని యూదులంతా ఒకే పేటలో ఉండాలని శాసించారు. అంతకుముందు అక్కడ లోహం పోతపోసే కార్ఖానా ఉండేదనీ, 'ఘెట్టో' అనే పేరు దాన్నుంచే వచ్చి ఉంటుందనీ అంటారు. రాత్రయితే గేట్లకు తాళాలు. ఆ కాపలావాళ్ల జీతం కూడా లోపల ఉన్న యూదులే కట్టుకోవాలి. ఈ ఒక్క వివరంతో కన్‌ఫైన్, కర్ఫ్యూ, సెగ్రిగేట్, లెవీ నాలుగూ గుర్తుండిపోయాయి. 'లెవీ అంటే విధించు' అని బట్టీ పట్టి ఎన్నిసార్లు మర్చిపోయానో లెక్కే లేదు. తనను బంధించినవాడికి తనే జీతం ఇచ్చుకోవడం ఎలా మర్చిపోతాం?

లెమ్కిన్ పాఠం ఇంకా నచ్చింది. రఫేల్ లెమ్కిన్ పోలండ్‌కు చెందిన యూదు న్యాయవాది. గ్రీకు 'జెనోస్'కు (జాతి) లాటిన్ 'సైడ్' (చంపడం) తగిలించి 1944లో 'జెనోసైడ్' అనే పదాన్ని తయారు చేశాడు. ఆ తోక పట్టుకుని కోర్సువాళ్లు హోమిసైడ్, రెజిసైడ్, ఫ్రాట్రిసైడ్ నుంచి పెస్టిసైడ్ దాకా లాక్కొచ్చారు. అక్కడితో ఆపేసినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. కానీ 1948 డిసెంబర్ 9న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన జెనోసైడ్ ఒప్పందంలోని నిర్వచన వాక్యాన్ని కూడా విప్పి చూపించారు. ఎంతమంది చనిపోయారన్న సంఖ్య అందులో లేదు. ఒక జాతినో మతవర్గాన్నో పూర్తిగా గానీ కొంత గానీ నాశనం చేయాలన్న 'ఇంటెంట్' (ఉద్దేశం) ఉందా లేదా అన్నదే కీలకం. కోర్టుల్లో ఏళ్ల తరబడి వాదనలు నడిచేది ఈ ఒక్క పదం చుట్టూనే. ఇది విన్నాక ఏజెన్సీ కాపీలో మాసకర్ అని ఉన్నచోట అలవాటు కొద్దీ జెనోసైడ్‌కు వాడే 'మారణహోమం' అని కొట్టకుండా 'ఊచకోత' అని రాస్తున్నాను.

ఈ కోర్సు కొనాలంటే రువాండా పాఠం కోసమే కొనాలి. 1994 ఏప్రిల్ 6 రాత్రి అధ్యక్షుడు హబ్యారిమానా విమానాన్ని కూల్చేశారు. ఆ తర్వాత దాదాపు వంద రోజుల్లో సుమారు 8 లక్షల మందిని చంపేశారు, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది అక్కడి మైనారిటీ జాతి అయిన టుట్సీలు. బెల్జియం పాలనలో 1930లలో వచ్చిన గుర్తింపు కార్డుల మీద జాతి రాసి ఉండేది. రోడ్డుకు అడ్డంగా నిలబడ్డవాళ్లు ఆ కార్డు అడిగేవాళ్లు. ఆర్‌టీఎల్‌ఎం రేడియో టుట్సీలను 'ఇన్యెంజి', అంటే బొద్దింకలు, అంటూ ఉండేది. డీహ్యూమనైజ్ అనే పదానికి ఇంతకంటే ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది! రెచ్చగొట్టడం అనే అర్థంలో వచ్చే 'ఇన్‌సైట్' కూడా ఇక్కడే నేర్పారు. లోతైన అవగాహన అని చెప్పే ఇంకో 'ఇన్‌సైట్' ఉంది కదా, దానికి ఒత్తు మొదటి అక్షరం మీద పడుతుంది, దీనికి రెండోదాని మీద. రెండూ పక్కపక్కన వినిపించారు.

అదే పాఠంలో అమెరికా విదేశాంగ శాఖ ప్రెస్ బ్రీఫింగ్ ముచ్చట ఒకటుంది. అక్కడి ప్రతినిధి జెనోసైడ్ అని నేరుగా అనకుండా 'యాక్ట్స్ ఆఫ్ జెనోసైడ్' అంటూ వచ్చారు. అలాంటి యాక్ట్స్ ఎన్ని కలిస్తే ఒక జెనోసైడ్ అవుతుందని ఓ విలేకరి అడిగాడు. జవాబు చెప్పే స్థాయి తనది కాదని ఆమె తప్పుకున్నారు. మాట తప్పించడానికి ఇంగ్లిష్‌లో 'ఆఫ్' అనే చిన్న ముక్క ఎలా పనికొస్తుందో ఏ గ్రామర్ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

ఇక లోపం. ఈ కోర్సువాళ్లకు నామవాచకాల మీద ఉన్న ప్రేమ క్రియల మీద లేదు. జెనోసైడ్, పొగ్రోమ్, మాసకర్ లాంటి పెద్ద పదాలను ఇంత బాగా నేర్పినవాళ్లు, వాటి పక్కన వచ్చే చిన్న క్రియలను గాలికి వదిలేశారు. 'వయొలెన్స్ ఎరప్టెడ్', 'క్లాషెస్ బ్రోక్ అవుట్', 'వర్ కిల్డ్' వాళ్ల సొంత కథనంలోనే ఎన్నోసార్లు దొర్లాయి. హింస అగ్నిపర్వతమా, తనంతట తానే బద్దలవడానికి? 1960 మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో 69 మంది చనిపోయారు. వాళ్ల మీద కాల్పులు జరిపింది పోలీసులు. కోర్సు వాక్యంలో 69 మంది 'షాట్' అయ్యారు, పోలీసులు అన్న మాటే లేదు! అది విని రీప్లే నొక్కాను, రెండోసారీ లేదు. మనమేం తక్కువ తినలేదు లెండి. 'అల్లర్లు చెలరేగాయి', 'పట్టణం భగ్గుమంది' అని రోజూ రాస్తూనే ఉన్నాం. కానీ ఇంగ్లిష్ నేర్పడానికి డబ్బు తీసుకున్నవాళ్లు ఈ కర్త లేని వాక్యాల మీద ఒక పాఠమైనా పెట్టాలి కదా.

క్విజ్‌లు మరీ అన్యాయం. రష్యాలో యూదుల మీద 1881 తర్వాత జరిగిన దాడులు, 1903 కిషినెవ్ ఘటన చెప్పే పాఠంలో పొగ్రోమ్‌కీ రయట్‌కీ తేడా చక్కగా చెప్పారు. ఒక వర్గం మీద ఏకపక్షంగా జరిగే దాడి, అధికారులు చూస్తూ ఊరుకోవడం, అన్నీ చెప్పారు. తీరా క్విజ్‌లో ఆ రెండూ సమానార్థకాలట, జత చేస్తేనే మార్కు. పైగా సరైన జవాబు పెట్టగానే స్క్రీన్ మీద రంగు కాగితాలు ఎగిరి చప్పట్లు వినిపిస్తాయి. 'మాస్ గ్రేవ్' సరిగ్గా గుర్తుపట్టినందుకు చప్పట్లేంటండీ?

స్రెబ్రెనిత్సా పాఠం పర్వాలేదు. ఐక్యరాజ్యసమితి 1993లో 'సేఫ్ ఏరియా' అని ప్రకటించిన చోటే 1995 జులైలో సుమారు 8 వేల మంది బోస్నియా ముస్లిం పురుషులను, అబ్బాయిలను చంపేశారు. ఎన్‌క్లేవ్, బిసీజ్, ఎగ్జ్యూమ్ బాగా పట్టుబడతాయి. ఎత్నిక్ క్లెన్సింగ్‌లో 'శుభ్రం చేయడం' అన్నది ఎవరి దృష్టి అనే సంగతి మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు. తెలుగులో 'జాతి ప్రక్షాళన' అని రాసే మాలాంటి వాళ్లకు అక్కడ ఇంకాస్త ఆగితే బాగుండేది.

పోటీ పరీక్షలకు వేల పదాలు కావాలనుకునేవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు, సంఖ్య సరిపోదు. పిల్లలకు అసలే వద్దు. వార్తలు, లా, అంతర్జాతీయ వ్యవహారాలు చదివేవాళ్లు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. రాత్రి పడుకునే ముందు మాత్రం వినకండి. సెట్టింగ్స్‌లో సౌండ్ ఎఫెక్ట్స్ ఆపేస్తే చప్పట్ల గోల పోతుంది. క్విజ్ వదిలేసి ట్రాన్స్‌క్రిప్ట్ డౌన్‌లోడ్ చేసుకోండి, అది ఉచితమే. అందులో 'వర్ కిల్డ్' కనిపించిన ప్రతిచోటా చంపింది ఎవరో మార్జిన్‌లో రాసుకుంటూ వెళ్లండి.