బాత్రూమ్ పైకప్పుకి బూజు: గీకి రంగు వేయించాలా, పీవీసీ షీట్లు కొట్టించాలా?

విశాఖలో బాత్రూమ్ పైకప్పుకి నల్ల మచ్చలు పట్టడం కొత్తేమీ కాదు. పెదవాల్తేరు, కిర్లంపూడి లేఅవుట్ లాంటి సముద్రం పక్క ఇళ్లలో అయితే మరీను. గాలిలో తేమ ఎలాగూ ఎక్కువే, దానికి గీజర్ నీళ్ల ఆవిరి తోడవుతుంది. పెయింటర్‌ని అడిగితే గీకి మళ్లీ రంగు వేద్దామంటాడు. ఇంటీరియర్ వాళ్లని అడిగితే ఒక్క రోజులో పీవీసీ సీలింగ్ కొట్టేస్తామంటారు.

శ్లాబ్ బాగున్నంత వరకు రంగే మేలని నా నమ్మకం. అయితే ముందు తేల్చుకోవాల్సింది తడి ఎటు నుంచి వస్తోందన్నది. పైకప్పు ఆరి ఉన్నప్పుడు జానెడు అల్యూమినియం ఫాయిల్ ముక్కని నాలుగు అంచులా టేపుతో అంటించి, రెండు రోజులు వదిలేయండి. మనకు కనబడే వైపు నీటి బొట్లు పడితే అది స్నానాల ఆవిరి. ఊడదీసి చూస్తే శ్లాబ్ వైపు చెమ్మగా ఉందంటే నీళ్లు పై నుంచి దిగుతున్నాయి. అపార్ట్‌మెంట్లలో చాలాసార్లు పై ఫ్లాట్ నహానీ ట్రాప్ (బాత్రూమ్ నీళ్లు బయటికి పోయే తూము) దగ్గరో, టైల్స్ సందుల్లోనో లీకు ఉంటుంది. పై వాళ్లతో కూర్చుని మాట్లాడి అది బాగు చేయించేదాకా కింద ఏం చేయించినా డబ్బు దండగే.

పీవీసీకి ఉన్న మంచి గుణాలు కాదనలేం. నీటికి ఉబ్బదు, గుడ్డతో తుడిస్తే చాలు, పని త్వరగా అయిపోతుంది. నాకున్న అభ్యంతరమల్లా, అది శ్లాబ్‌ని కప్పేస్తుంది. మన ఊళ్లో ఉప్పుగాలికి కాంక్రీట్‌లోని ఊచలు త్వరగా తుప్పు పడతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి పెచ్చుల్ని కిందికి నెడుతుంది. పైకప్పు కళ్ల ముందుంటే సన్నటి పగులు, గోధుమ రంగు చార కనబడగానే మేస్త్రీని పిలుస్తాం. షీటు వెనక ఉంటే పెచ్చు ఊడి షీటు మీద పడ్డాకే తెలుస్తుంది. బూజు కూడా ఆ చీకట్లో పెరుగుతూనే ఉంటుంది.

రంగు నిలబడేది కింద చేసే పనిని బట్టే. బూజుని పొడిగా గీకితే గదంతా ఎగురుతుంది, కాబట్టి ముందు తడపాలి. ఒక వంతు లిక్విడ్ బ్లీచ్‌కి పదహారు వంతుల నీళ్లు కలిపి స్పాంజితో రాసి, పావుగంట ఆగి కడగాలి. కంటికి అద్దాలు, చేతికి గ్లౌజులు తప్పనిసరి. తలుపు, వెంటిలేటర్ తెరిచి ఉంచాలి. టాయిలెట్ కడిగే యాసిడ్‌ని బ్లీచ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. ఆ తర్వాత కర్రతో తట్టి చూసి, డొల్లగా మోగిన చోటల్లా ప్లాస్టరింగ్ కొట్టేసి కొత్తది వేయించాలి. కొత్త ప్లాస్టరింగ్‌కి నాలుగు వారాలైనా గడువు ఇవ్వాలి. పెయింటర్లు తొందరపెట్టేది ఇక్కడే, మీరు మాత్రం ఒప్పుకోవద్దు. లప్పం వైట్ సిమెంట్‌దే ఉండాలి. దాని మీద ప్రైమర్, ఆపైన బూజుని ఆపే రకం ఎమల్షన్ రెండు కోట్లు.

డిస్టెంపర్ చవకే గానీ బాత్రూమ్ ఆవిరికి పొడిపొడిగా రాలిపోతుంది. సున్నానికి క్షారగుణం ఉంది కాబట్టి కొత్తలో బూజుని దగ్గరికి రానివ్వదు. ఏటా సంక్రాంతికి సున్నాలు వేయించే ఇంట్లో ఇప్పటికీ అది మంచిదే. కాకపోతే తర్వాత ఎమల్షన్‌కి మారాలంటే ఆ సున్నమంతా గీకించాలి.

పని పెట్టుకోవడానికి సంక్రాంతి వెళ్లాక బాగుంటుంది. అక్టోబరు, నవంబరు వానలు, తుఫాన్లు దాటి శ్లాబ్ ఆరి ఉంటుంది. పనితో పాటే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించి, స్నానం అయ్యాక కూడా కాసేపు తిరగనివ్వండి. అది లేకపోతే ఎంత ఖరీదైన రంగు మీదైనా మచ్చలు మళ్లీ వస్తాయి.

ఇంతా విన్నాక కూడా పీవీసీయే కావాలనుకుంటే, శ్లాబ్ రిపేరు, బూజు కడగడం ముందే పూర్తి చేయించండి. ఫ్రేమ్ అల్యూమినియంది, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి అడగండి, మామూలు ఇనపవి ఇక్కడి గాలికి ఆగవు. ఒక మూల చేతితో తీసి చూసేలా మూత పెట్టించుకుని, వానాకాలంలో టార్చి వేసి శ్లాబ్‌ని చూస్తూ ఉండండి.